కాయకంటే ముందు వచ్చిన డబ్బు

2006 ఎండాకాలం. చిత్తూరు బస్టాండుకు కాస్త ఎడంగా, మందుల అంగడి పైన మేడమీద నాకు చిన్న నెట్ సెంటర్ ఉండేది. పదో తరగతి ఫలితాలు, రైలు టికెట్లు, పాస్‌పోర్టు దరఖాస్తులు, ఇవీ రోజూ జరిగే పనులు. వీటి పక్కనే ఇంకో పని కూడా మొదలుపెట్టాను. ఊళ్లో ఎవరైనా ఏదైనా అమ్మాలనుకుంటే దాని ఫోటో తీసి, ఇంగ్లీషులో నాలుగు మాటలు రాసి, ఒక ఆన్‌లైన్ మార్కెట్ సైట్‌లో పెట్టేదాన్ని. దాన్ని లిస్టింగ్ అంటారు. అమ్ముడుపోతే నాకు కొంత కమిషన్. కుట్టుమిషన్లు, ఇత్తడి దీపాలు, ఒకసారి మృదంగం, ఇట్లా చాలా వస్తువులు నా చేతి మీదుగా తెలియని ఊళ్లకు పోయినాయి.

నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. మా నాయన బియ్యం అంగడిలో పెరిగినదాన్ని. అరువు అడగబోయే మనిషి గొంతు ఎట్లా మెత్తబడుతుందో చిన్నప్పుడే తెలుసు. ఆన్‌లైన్ వ్యాపారం ఆ అనుమానాన్ని ఇంకా పెంచింది. సైట్‌లో జరిగే వేలంలో ఎక్కువ ధర పాడి వస్తువు గెలుచుకున్నవాళ్లు ఆ తర్వాత మాయమయ్యేవాళ్లు. ఫోన్ చేస్తే "రేపు కడతాం మేడమ్" అనేవాళ్లు. ఆ రేపు ఎప్పటికీ వచ్చేది కాదు. అందుకే నా ప్రతి లిస్టింగు కింద ఒక షరతు రాసేదాన్ని: మూడు రోజుల్లో డబ్బు కట్టాలి, డబ్బు అందాకే సరుకు కదులుతుంది. ఆలస్యం చేసేవాళ్ల ఎత్తులన్నీ నాకు తెలుసు. తొందరగా కట్టేవాళ్ల గురించి మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. అంత అవసరం రాలేదు.

ఆ మే నెల మొదట్లో దొరస్వామి నాయుడన్న మెట్లెక్కి వచ్చినాడు. బంగారుపాళెం పక్క పల్లెలో ఆయనకు బేనీషా మామిడి తోట ఉంది. బంగినపల్లినే మా వైపు బేనీషా అంటారు. ఆయనా, భార్య కోమలమ్మా ఇద్దరే చూసుకుంటారు. ఫ్యాను కింద కూర్చుని, తుండుతో మెడ తుడుచుకుని, చుట్టూ ఒకసారి చూసి గొంతు తగ్గించినాడు.

"పాపా, మండీకి పోకుండా కాయ అమ్మే దారి ఉండాదంటనే. నిజమేనా?"

మండీ అంటే కమిషన్ వ్యాపారి అంగడి. పూత సమయంలో మందులకూ కూలీలకూ మండీ ఓనరు అడ్వాన్సు ఇస్తాడు. దానికి బదులుగా కాయ మొత్తం ఆయనకే వెయ్యాలి. ధర ఆయన చెప్పిందే. డబ్బు ఇచ్చేది కూడా ఆయన ఇష్టం. జూన్‌లో కాయ వేసినవాళ్లు వినాయక చవితి దాకా కొసరు కొసరుగా తెచ్చుకుంటూనే ఉంటారు.

"ఉందన్నా. కానీ అడ్వాన్సు తీసుకున్నావు గదా, ఆయన ఊరుకుంటాడా?"

"దుడ్లు ఆయన మొగాన కొట్టేస్తే ఊరుకోక ఏం జేస్తాడు. ఆ దుడ్లు పుట్టాలనే గదా నీ కాడికి వచ్చిండేది."

మరుసటి రోజు తోటకు పోయి ఫోటోలు తీసినాను. కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఎంత బాగున్నా అన్నీ ఇంకా పచ్చివే, భుజాలు నిండలేదు. కాయ తొడిమ దగ్గర రెండు పక్కలా ఉబ్బి గుండ్రంగా వస్తే భుజాలు నిండినాయి అంటారు. అప్పుడే దించాలి. అందుకే లిస్టింగులో "నెలాఖరుకు దించి పంపుతాం" అని స్పష్టంగా రాసినాను. డబ్బాకు ఇంత అని ధర పెట్టినాను. పదో ఇరవయ్యో డబ్బాలు పోతే గొప్ప అనుకున్నాం.

రెండు రోజులకే బెంగళూరు నుంచి ఒకాయన కొన్నాడు. పేరు మూర్తి. తోటలో సగం కాయ పట్టేటన్ని డబ్బాలు ఒక్కడే కావాలన్నాడు. ఫోను లేదు, బేరం లేదు, ఒక్క ప్రశ్న లేదు. నేను ఆ మెసేజ్ చదివి ఖాతా నంబరు పంపినాను. ఏ ఊరి బ్రాంచిలో కట్టినా మన ఖాతాలో పడే సౌకర్యం అప్పుడే కొత్తగా వచ్చింది. ఆ మధ్యాహ్నమే బ్యాంకుకు వేరే పని మీద పోయి పుస్తకం ఎంట్రీ చేయించుకుంటే, మొత్తం డబ్బు పడి ఉంది. మొత్తమే కాదు, అడిగినదానికంటే కొంత ఎక్కువే ఉంది.

సంతోషపడాల్సింది. నాకు భయం వేసింది.

అప్పట్లో సైట్ వాళ్లే మాలాంటి వాళ్లకు ఒక హెచ్చరిక పంపేవాళ్లు. కొనేవాడు కావాలనే ఎక్కువ మొత్తానికి చెక్కు వేస్తాడు. పొరపాటైంది, ఎక్కువైంది తిరిగి పంపండి అంటాడు. మనం పంపేస్తాం. ఆ తర్వాత చెక్కు చెల్లదు. ఇది అదేనని నా మనసుకు తట్టింది. కౌంటరు దగ్గరికి మళ్లీ పోయి అడిగినాను.

"చెక్కు కాదమ్మా, నగదు. బెంగళూరు బ్రాంచిలో నోట్లు లెక్కపెట్టి కట్టినారు. ఇక దానికి తిరుగు లేదు" అన్నాడు క్లర్కు.

ఆ మాటతో ఒక అనుమానం పోయి ఇంకోటి వచ్చింది. అంత నగదు అంత తొందరగా వదిలించుకోవాలనుకునేవాడు ఎవడు? సెంటరుకు వచ్చి మూర్తికి ఫోన్ చేసినాను. పెద్దాయన గొంతు, కోలారు వైపు తెలుగు.

"సార్, డబ్బు అందింది. ఎక్కువ పడింది."

"డబ్బాలకీ బండి బాడుగకీ కలిపి వేసినానమ్మా. సరిపోతుంది గదా?"

"సరిపోతుంది సార్. అయితే కాయలు నెలాఖరుకు గదా, ఇంత తొందరెందుకు..."

ఆయన గొంతు వెంటనే గట్టిపడింది. "ఎందుకు అడుగుతున్నారు? వేరేవాళ్లకు మాటిచ్చినారా? డబ్బు అందిందా లేదా, అది చెప్పండి."

అందింది అని చెప్పి పెట్టేసినాను. ఆయనెందుకు అంత చిరాకు పడినాడో నాకు అర్థం కాలేదు. దాచాల్సింది ఏదో ఉందనే అనుకున్నాను.

డబ్బు నాయుడన్నకు అప్పజెప్పేటప్పుడు కోమలమ్మ కూడా వచ్చింది. ఇద్దరూ ఆ కట్టలను ముట్టుకోకుండా కాసేపు అట్లే చూస్తా కూర్చున్నారు.

"సరుకు కంట సూడకుండా ఇంత దుడ్లు కట్టినాడా?" అనింది కోమలమ్మ. "వానికేమన్నా పిచ్చా?"

"పిచ్చోడు కాదులేమే. ఏదో లెక్కుండాది" అన్నాడు నాయుడన్న. "పాపా, కట్టినోడు మళ్ల మనసు మార్చుకుంటే? బ్యాంకులో చెప్పి ఎనక్కి లాగేసుకోడా?"

"లాగలేడన్నా. నగదుగా కట్టినాడు."

"నువ్వట్లే అంటావు. మండీలో చేతికిచ్చిన దుడ్లే సాయంత్రానికి మళ్ల అడిగి తీసుకునిండారు. ఇది యాడనో మిషన్లో ఉండే దుడ్డు."

నేను ఇంకోసారి వివరించినాను. ఆయన తలూపినాడు గానీ నమ్మలేదని కళ్లల్లో కనబడింది. ఆ రోజే మండీకి పోయి అడ్వాన్సు మొత్తం తీర్చేసినాడని తర్వాత తెలిసింది. అది తెలివైన పనే. దాని తర్వాత చేసిన పని మాత్రం కాదు.

నెల సగానికి కూడా రాకముందే ఒక రోజు ఆయన సెంటరుకు వచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పినాడు.

"పాపా, సరుకు టెంపోలో ఎక్కించి పంపేసినా. పొద్దన్నే బయల్దేరింది."

"అదేందన్నా? నెలాఖరన్నాం గదా."

"కాయ వచ్చేసిందిలే. ఈ ఏడు ఎండలు జాస్తి."

ఎండలు నిజంగానే ఎక్కువగా ఉన్నాయి. తోట ఆయనది, కాయ గురించి ఆయనకు తెలియనిది నాకేం తెలుసని ఊరుకున్నాను. మూర్తికి ఫోన్ చేసి, కాయలు వస్తున్నాయి, వరిగడ్డిలో పరిచి మాగబెట్టుకోండి అని చెప్పినాను. నెలాఖరుకు అన్నది ముందే వస్తున్నందుకు ఆయన సంతోషించినాడు. అప్పుడే మొదటిసారి అసలు సంగతి చెప్పినాడు. కొత్త ఇల్లు కట్టుకున్నాడట. గృహప్రవేశం వచ్చే నెల మొదట్లో. వచ్చినవాళ్లందరికీ తాంబూలంతో పాటు డబ్బా మామిడిపళ్లు ఇవ్వాలని అనుకున్నాడట. సరే, ఇదా సంగతి అనుకున్నాను. కొంచెం తేలికపడినాను.

అది ఎక్కువ కాలం నిలవలేదు. ఒక వారం పైన గడిచినాక ఫోన్ వచ్చింది.

"అమ్మా, మీ కాయలు మాగడం లేదు. ముడతలు పడి ముసలి మొహాల మాదిరి అయిపోతున్నాయి. కోస్తే పులుపు. నా డబ్బు నాకు పంపించండి."

నాలో నిద్రపోయిన అనుమానమంతా ఒక్కసారిగా లేచి కూర్చుంది. ఇదన్నమాట ఎత్తు! ముందు డబ్బు కట్టి నమ్మకం పుట్టించడం, సరుకు తెప్పించుకోవడం, తర్వాత బాగలేదని చెప్పి డబ్బు వెనక్కి లాగడం. కాయలు ఈపాటికి ఏ బజారులోనో అమ్మేసి ఉంటాడు. ఫోటోలు పంపమంటే పంపినాడు. ముడతలు పడిన కాయలు. ఏ కాయలైతేనేం, ముడతలు పడిన కాయలు బెంగళూరులో దొరకవా?

"డబ్బు ఇవ్వకపోతే సైట్‌లో మీ గురించి రాస్తాను. పోలీసు కంప్లైంట్ కూడా ఇస్తాను" అన్నాడు. సైట్‌లో రాయడాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. కొన్నవాళ్లు అమ్మినవాళ్ల గురించి నలుగురికీ కనబడేట్టు రాసే మాట. చెడ్డ ఫీడ్‌బ్యాక్ రెండు పడితే నా లిస్టింగుల వ్యాపారం మూసుకోవలసిందే.

"వచ్చి చూస్తాను సార్. చూసినాక మాట్లాడుకుందాం" అన్నాను.

ఆ మాటకు ఆయన తడబడతాడని చూసినాను. తడబడలేదు. అడ్రసు చెప్పినాడు.

పలమనేరు మీదుగా బస్సులో పోతున్నంతసేపూ ఆ మనిషిని ఎట్లా పట్టుకోవాలా అనే ఆలోచన. డబ్బాలు మావేనా అని చూడాలి. మావైతే అన్నీ ఉన్నాయా, కొన్ని మాయమైనాయా చూడాలి. పనిమనిషి ఉంటే ఆమెను పక్కకు పిలిచి అడగాలి. పలమనేరులో బస్సు ఆగినప్పుడు చల్లగాలి తగిలింది. కిందికి దిగి టీ తాగే మనసు కూడా లేకపోయింది.

ఆ ఇల్లు నేను ఊహించినట్టు లేదు. ఇంకా సున్నం వాసన పోని కొత్త ఇల్లు, హాల్లో ఇంకా బిగించని ఫ్యాన్లు. కాపురం ఇంకా అద్దె ఇంట్లోనేనట, పనులు చూసుకుంటూ పగలంతా ఇక్కడే ఉంటారట. మూర్తి బట్టతల మనిషి, పంచె కట్టుకుని ఉన్నాడు. ఆయన భార్య నాకు మంచినీళ్లు ఇచ్చింది గానీ మొహం మాత్రం చూడలేదు. వెనక గది తలుపు తీసినారు. డబ్బాలన్నీ ఉన్నాయి. కోమలమ్మ అడుగున పరిచిన తెలుగు పేపర్లు కూడా అట్లే ఉన్నాయి. కొన్ని కాయలు వరిగడ్డిలో పరిచి ఉన్నాయి. చెప్పినట్టే మాగబెట్టుకున్నారు. ఒక్క డబ్బా కూడా ఎక్కడికీ పోలేదు.

అయినా నేను వదల్లేదు. "కారం వాసన ఏదో వస్తోంది సార్, మందు ఏమైనా పెట్టినారా?" అన్నాను. కాయను తొందరగా మాగబెట్టే కార్బైడ్ మందు పెడితే కాయ పాడయిందని ఆయన మీదికే నెట్టవచ్చని ఒక ఆలోచన.

ఆయన భార్యకు అప్పుడు కోపం వచ్చింది. వంటింట్లోకి పోయి కత్తి తెచ్చింది. నా ఎదురుగానే ఒక కాయ తీసి పలకమీద పెట్టి నిలువునా కోసింది. కత్తి ఆగకుండా ఇటునుంచి అటు దిగిపోయింది. కాయ రెండు ముక్కలై అటొకటి ఇటొకటి పడింది.

నేను ఆ ముక్కలనే చూస్తూ ఉండిపోయినాను. వాళ్లిద్దరికీ దాంట్లో ఏం కనబడిందో తెలియదు. చిత్తూరు జిల్లాలో పుట్టిన ఎవరికైనా అది చాలు. ముదిరిన బేనీషా కాయలో కత్తి టెంక దగ్గర ఆగిపోతుంది. ఇది టెంకతో సహా వెన్న మాదిరి తెగింది. టెంక ఇంకా గట్టిపడనే లేదు. వరిగడ్డిలో కాదు కదా, ఎక్కడ పెట్టినా ఆ కాయ మాగదు. ముడుచుకుపోతుంది, అంతే.

"తప్పు మాదే సార్" అన్నాను. "లేత కాయ దించినారు."

నేను ఒప్పుకుంటానని మూర్తి అనుకోలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇంకేం దాచుకోవడానికి లేదు కాబట్టి సూటిగానే అడిగినాను.

"సార్, మీరు ఎందుకంత తొందరగా డబ్బు కట్టినారు? నిజం చెప్పాలంటే మేం ఆ డబ్బు చూసి భయపడినాం."

ఆయన నవ్వలేదు. "ఇంతకు ముందు అదే సైట్‌లో ఒక టేకు ఊయల గెలిచినానమ్మా. నాలుగు రోజుల్లో కడతానన్నాను. ఆ లోపల వాడు ఎక్కువిచ్చినవాడికి అమ్మేసుకున్నాడు. అందుకే ఈసారి మీరు నాకు టోకరా ఇవ్వకుండా మొత్తం ఒకేసారి కట్టి పడేసినాను. డబ్బు తీసుకున్నాక ఇక మీరు వేరేవాళ్ల మొహం చూడలేరు గదా. బాడుగ డబ్బులు లేవు, అందుకే పంపలేదు అనే సాకు కూడా ఉండకూడదని అదీ కలిపినాను."

నేను ఆయన్ని దొంగ అనుకుంటున్న రోజుల్లో ఆయన మమ్మల్ని దొంగలనుకున్నాడు. ఆ డబ్బు నమ్మకంతో వచ్చింది కాదు. మమ్మల్ని కట్టిపడెయ్యడానికి వేసిన తాడు.

"డబ్బు తిరిగి ఇప్పించగలరా?" అని అడిగినాడు.

"అడుగుతాను సార్. కానీ ఆ డబ్బు మండీ అప్పుకు పోయింది. ఆయన దగ్గర ఉంటుందని నేను చెప్పలేను."

"మరి ఏం చేద్దాం? ఇంకో పది రోజుల్లో గృహప్రవేశం."

తోటలో ఇంకా సగం చెట్ల మీద కాయ ఉందన్న మాట అప్పుడే నా నోటి దాకా వచ్చింది. అది నా కాయ కాదు, మాటివ్వడానికి. రేపు ఫోన్ చేస్తానని చెప్పి బస్సెక్కినాను. వస్తూ వస్తూ ఆ కోసిన కాయ ముక్కలను పేపరులో చుట్టి తెచ్చుకున్నాను.

నేరుగా తోటకే పోయినాను. కోమలమ్మ పశువుల కొట్టం దగ్గర ఉంది. నాయుడన్న నన్ను చూడగానే లేచినాడు. పేపరు విప్పి అరుగు మీద పెట్టినాను. కోమలమ్మ ఒక ముక్క తీసుకుని టెంకను గోటితో గిచ్చి చూసింది. గోరు దిగింది. మొగుడి వైపు తిరిగింది.

"నేను చెప్తానే ఉంటి గదా, ఇంకా రెండు వారాలు ఉండనీ అని. ఎవరిమాట ఇన్నావు నువ్వు?"

"కాయ వచ్చేసిందన్నావే అన్నా?" అన్నాను నేను.

ఆయన తుండు భుజం మీంచి తీసి చేతిలో మెలిపెట్టుకున్నాడు. "రాలేదు పాపా. నాకు తెలీదా? చెట్టు ఎక్కినప్పుడే తెలుసు."

"మరెందుకు దించినావు?"

"యాభై ఏండ్ల మనిషిని నేను. కాయ ఎయ్యకముందే దుడ్లు చేతికి వచ్చింది యాన్నాడూ లేదు. ఆయప్ప ఎవరో, ఏం మనిషో. ఈ దుడ్లు నా చేతిలో నిలవదు అనిపించింది. నెలాఖరు దాకా కూసుంటే ఆ లోపల ఏదో ఒక మాట చెప్పి ఎనక్కి లాక్కుంటాడు. సరుకు పంపేస్తే ఇంక దుడ్లు మనదే గదా అని..." ఆగినాడు. "రాత్రి నిద్ర పట్టలేదు పాపా, నిజంగా."

మండీ ఓనరు ఎన్ని నెలలు ఆలస్యంగా ఇచ్చినా ఆయన ఓర్చుకున్నాడు. ఎందుకంటే అది ఆయనకు అలవాటైన పద్ధతి. వెంటనే వచ్చిన డబ్బును మాత్రం తట్టుకోలేకపోయినాడు. నేను కోపంతోనే పోయినాను, కానీ ఆ మాట విన్నాక తిట్టలేకపోయినాను.

"ఇప్పుడాయన డబ్బు అడుగుతున్నాడు. లేదంటే మంచి కాయ అడుగుతాడు" అన్నాను.

"ఉండే కాయ ఆయనకిస్తే మనకేం మిగిలింది?" అనింది కోమలమ్మ. "ఇదీ తీసుకోని మళ్ల బాగలేదంటే? అప్పుడేం జేస్తావు పాపా?"

ఆమె అడిగింది న్యాయమే. నాయుడన్న చెట్ల వైపు చూసి, "ఆయప్పనే రమ్మను. కంటితో సూసుకోని పొమ్మను" అన్నాడు.

మూర్తి రెండో రోజే వచ్చినాడు. చెప్పులు విడవకుండా తోటంతా తిరిగినాడు. ప్రతి చెట్టు కిందా ఆగి, ఇది నాకేనా, ఇది ఎవరికి అని అడిగినాడు. మండీకి ఏమైనా పోతోందా అని రెండుసార్లు అడిగినాడు. కోమలమ్మ మజ్జిగ ఇస్తే ముందు నావైపు చూసి ఆ తర్వాతే తాగినాడు. నాయుడన్న తక్కువేం కాదు. ఆయన వెనకాలే తిరుగుతూ ఏ కాయను ముట్టుకుంటున్నాడో కనిపెడుతూనే ఉన్నాడు.

"ఇవి ఇప్పుడే దించెయ్యండి. నేను బండి మాట్లాడుకుంటాను" అన్నాడు మూర్తి.

"దించను" అన్నాడు నాయుడన్న.

"ఎందుకు?"

"ఇంకా నాలుగైదు దినాలుండాల. అప్పుడు దించితే మీ పండగకు సరిగ్గా మాగుతాది."

మూర్తి నా వైపు తిరిగినాడు. "చూడండమ్మా. అప్పుడేమో అడగకముందే దించినారు. ఇప్పుడు నేను కళ్లముందు నిలబడి అడుగుతుంటే దించను అంటున్నారు. ఈ నాలుగు రోజుల్లో ఎవరికో అమ్మెయ్యడానికి గదా?"

నాయుడన్న మొహం ఎర్రబడింది. కానీ కేక వెయ్యలేదు. కిందికొమ్మ నుంచి ఒక కాయ కోసి, నడుముకున్న చాకు తీసి, మూర్తి చేతిలోనే పెట్టినాడు.

"కోయండి సార్. మీరే కోయండి."

మూర్తి కోసినాడు. చాకు టెంకలో సగం దాకా పోయి ఆగింది.

"మొన్న మీ ఇంట్లో అడ్డం లేకుండా దిగిండాది గదా. ఇప్పుడు సగం కాడ నిలిచింది. పూర్తిగా నిలిచే రోజు దించుతా. తప్పు ఒక తూరి చేసినా. రెండోతూరి చెయ్యమంటే చెయ్యను, మీరు పోలీసుల్ని పిలుచుకున్నా సరే."

మూర్తి సరేనని అనలేదు. బండి మాట్లాడుకోనూ లేదు. బంగారుపాళెంలో లాడ్జి ఏదైనా ఉందా అని నన్ను అడిగినాడు. చివరికి చిత్తూరులో గది తీసుకుని, రోజూ పొద్దున బస్సెక్కి తోటకు పోయి సాయంత్రం దాకా ఒక చెట్టు కింద కూర్చునేవాడు. కాపలా అని నోటితో అనలేదు గానీ అది కాపలానే. కోమలమ్మ మధ్యాహ్నం సంగటి పెడితే తినేవాడు. నాయుడన్న ఆయనతో మాట్లాడేవాడు కాదు. నేను ఫోన్ చేసి ఎట్లా ఉందని అడిగితే కోమలమ్మ, "ఇద్దరు మొగోళ్లూ ఒకరినొకరు సూసుకుంటా కూసోనుండారు పాపా, కాయల్ని సూసేది నేనొకదాన్నే" అనింది.

దించుదామనుకున్న రోజుకు ముందురోజు మధ్యాహ్నం గాలివాన వచ్చింది. చిత్తూరులో మా సెంటరు పైన రేకులే లేచిపోయేంత గాలి. నేను తోట గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. కరెంటు పోయింది, ఫోన్లు పనిచెయ్యలేదు. అన్నీ రాలిపోతే? మూర్తి అప్పుడు మమ్మల్ని ఏమంటాడు? కావాలనే ఆలస్యం చేసినారని కేసు పెడితే, ఆయన్ని నమ్మమని నేనెట్లా అడగగలను?

వాన తగ్గగానే బస్సెక్కినాను. పోయేసరికి తోటంతా బురద. చెట్ల కింద పచ్చని కాయలు పరుపు పరిచినట్టు పడి ఉన్నాయి. మూర్తి పంచె మోకాళ్లదాకా ఎగగట్టుకుని, తడిసి ముద్దై, రాలిన కాయలను బుట్టలోకి ఏరుతున్నాడు. నాయుడన్న ఇంకో వైపు ఏరుతున్నాడు. నన్ను చూసి మూర్తి లేచి నిలబడినాడు.

"గాలి మీ తప్పు కాదమ్మా, నేను చూస్తూనే ఉన్నాను" అన్నాడు. నేనింకా ఏమీ అడగలేదు.

చెట్ల మీద సగానికి పైగా నిలిచింది. మరుసటి రోజు నాయుడన్న ఒక కాయ కోసి చూపించినాడు. చాకు టెంక దగ్గర ఆగింది. అప్పుడు దించినారు. అనుకున్నన్ని డబ్బాలు కాలేదు. డబ్బా ఇవ్వాల్సిన చోట మూర్తి గృహప్రవేశానికి వచ్చినవాళ్లకు తలా రెండు పళ్లు ఇచ్చుకున్నాడట. రాలిన కాయను కోమలమ్మ ఆవకాయకని ఊళ్లో అమ్మేసింది.

ఇక ఈ సంగతి ఇంతటితో ముగిసిందనుకున్నాను. చెడ్డ ఫీడ్‌బ్యాక్ పడలేదు, అదే నా అదృష్టం. అయితే గృహప్రవేశం తర్వాత ఒక రోజు నా ఖాతాలో మళ్లీ డబ్బు పడింది, బెంగళూరు బ్రాంచి నుంచే. పాత అలవాటు ప్రకారం ముందు భయమే కలిగింది. ఫోన్ చేసినాను.

"రెండోసారి పంపిన పళ్లకు సగం ధర" అన్నాడు మూర్తి. "పూర్తి ఇవ్వను. మొదటిసారి నన్ను చాలా తిప్పలు పెట్టినారు, నా భార్య ఇప్పటికీ మరిచిపోలేదు. సగం మాత్రం ఆయనకు న్యాయం. పళ్లు తిన్నాం, బాగున్నాయి."

నాయుడన్నకు ఇస్తూ ఆయన మాటలను ఉన్నవున్నట్టు చెప్పినాను. మొదటిసారి ఇచ్చిన రోజున కట్టలను ముట్టుకోవడానికే వెనకాడిన మనిషి, ఈసారి నోట్లు తీసుకుని, లెక్కపెట్టకుండానే పైజేబులో పెట్టుకున్నాడు.

"తిన్నాక ఇచ్చినాడు. ఇది నాదే" అన్నాడు.

ఆ తర్వాత నేను నా లిస్టింగుల కింద రాసే షరతు మార్చినాను. కుట్టుమిషన్ లాంటి చేతికందే వస్తువైతే పాత మాటే, డబ్బు కట్టండి, తీసుకోండి. చెట్టు మీద ఉన్న కాయ, ఇంకా మగ్గం మీద ఉన్న చీర, చెక్కుతున్న బొమ్మ, ఇట్లాంటివైతే కొంత ముందు, అదీ కొనేవాళ్లు వీలైతే వచ్చి చూసినాక. మిగతాది సరుకు చేరి, వాడి చూసినాక, కానీ ఏ రోజు అన్నది ముందే అనుకోవాలి. ఆ రోజు దాటితే మండీకీ మనకూ తేడా లేదు. దాన్ని చదివి కొందరు నవ్వినారు, ఆన్‌లైన్‌లో వచ్చి చూడడమేమిటని. కొందరు నిజంగానే వచ్చినారు.

ఇప్పుడు బటన్ నొక్కితే డబ్బు పోయే కాలంలో, ఆన్‌లైన్‌లో అమ్ముకునే కొత్తవాళ్లు ఎవరైనా నన్ను అడుగుతుంటారు, కొన్నవాళ్లు ఎంత తొందరగా కట్టాలి అక్కా అని. ఆ వేసవి తర్వాత నాకు తెలిసింది ఇది. డబ్బు ఆలస్యమైతే అమ్మేవాడు చెడిపోతాడు, అది అందరికీ తెలుసు. ఆలస్యానికి అలవాటుపడినవాడు ముందే మొత్తం చేతిలో పెట్టినా చెడిపోతాడు, అది మాత్రం చూస్తేగానీ తెలియదు. ఇచ్చేవాడు నమ్మి ఇస్తున్నాడా, కట్టిపడెయ్యడానికి ఇస్తున్నాడా అన్నది తీసుకునేవాడికి చెప్పకపోతే, ఆ డబ్బు ఎంత నిజమైనదైనా అతని చేతిలో నిలవదు. అందుకే ఇప్పుడు నేను ఎవరి సరుకైనా పెట్టేముందు ఇద్దరినీ ఫోన్‌లో ఒకసారి మాట్లాడుకోమంటాను. ధర గురించి కాదు, ఎందుకు కొంటున్నారో, ఎప్పటికి కావాలో, అంతే. ఆ ఒక్క మాట మూర్తి మొదటి రోజే చెప్పి ఉంటే, నాయుడన్న ఆ చెట్లు ఎక్కి ఉండేవాడు కాదు.